చక్రాలు లేని ఇల్లు – వీరాస్వామయ్య ఉత్తరాపథ యాత్ర

కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటేనని పూర్వం మన పెద్దలు అనెడివారు. ఇది భక్తి లేనివారి మాట కాదు. దారి ఎరిగినవారి మాట. పుత్తూరు నుండియో కోడూరు నుండియో ఒక గృహస్థుడు కాశీయాత్రకు బయలుదేరెనన్న ఇంటిల్లిపాదీ పొలిమేర దాకా సాగనంపి, కన్నీరు తుడుచుకొని తిరిగి వచ్చెడివారు. కాశిలో అతనికేమగునోయన్న చింత వారికి లేదు. అక్కడ విశ్వేశ్వరుడున్నాడు. తిరుపతికీ కాశికీ నడుమనున్న దారిలో ఎవరున్నారు? అదే వారి భయం. నేటి రహదారి లెక్కలో ఆ దూరం సుమారు 1,800 కిలోమీటర్లు. అందులో నల్లమల ఉన్నది, గోదావరి ఉన్నది, నిర్మల కొండలున్నవి, సాత్పురా అడవులున్నవి, నర్మద ఉన్నది, వింధ్య ఉన్నది.

పాశ్చాత్య దేశాలలో ఇటువంటి దుర్గమమైన దారులను వేడుక కొరకు వెదకికొని పోయెడివారు నేడు చాలమంది కలరు. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి, దీపాలు అన్నీ అమర్చిన మోటారు ఇంటిని తోలుకొని వారాల తరబడి ఉత్తర దిక్కుగా సాగిపోవుదురు. అట్టివారికి ప్రియమైన దారులలో అలాస్కా రహదారి ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికా సైన్యంవారు కెనడాలోని డాసన్ క్రీక్ మొదలుకొని అలాస్కా వరకు అడవులు కొట్టి, బురదనేలలపై దుంగలు పరచి, కొన్ని నెలలలోనే వేసిన బాట అది. అప్పటి నిడివి సుమారు 1,700 మైళ్లు. ఆ దారిన పోవువారి చేతిలో ‘ది మైల్‌పోస్ట్’ అను పుస్తకం ఉండుట పరిపాటి. 1949లో మొదట వెలువడిన ఆ గ్రంథంలో కథ లేదు, కవిత్వం లేదు. ఎన్నవ మైలు వద్ద నీరు దొరకును, ఎక్కడ చమురు దొరకును, ఎక్కడ వంతెన ఇరుకు, ఎక్కడ రాత్రి బస చేయవచ్చును – ఇంతే. అయినను అడవి నడుమ చీకటిపడినవేళ ఆ పుస్తకం విలువ మహాకావ్యాలకు కూడ ఉండదు.

విహారం కొరకై ప్రత్యేకంగా చేయించుకొన్న తొలి బండి ఇల్లు ఇంగ్లండులో 1885లో పుట్టినది. గోర్డన్ స్టేబుల్స్ అను నౌకావైద్యుడు రెండు గుర్రాలు లాగెడి ‘వాండరర్’ అను బండిని చేయించుకొని, ఆ యేటనే స్కాట్లండు ఉత్తర భాగాన ఉన్న ఇన్వర్‌నెస్ దాకా పోయి పుస్తకం వ్రాసినాడు. అంతకు 55 ఏండ్ల ముందే ఒక తెలుగు గృహస్థుడు చెన్నపట్టణం నుండి తన ఇంటిని దారిమీదికి తీసికొని పోయినాడు. ఆ ఇంటికి చక్రాలు లేవు. అది మనుష్యుల భుజాలమీద నడిచినది. అలాస్కా దారి పుస్తకంవంటి పుస్తకాన్ని కూడ ఆయన తెలుగులో వ్రాసి పెట్టినాడు. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య. ఆ పుస్తకం కాశీయాత్ర చరిత్ర.

వీరాస్వామయ్య (1780–1836) చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసి. అనగా సాక్షులు తెలుగునను తమిళమునను చెప్పినదానిని దొరలకు ఇంగ్లీషులో వినిపించుట, దొరల ప్రశ్నను సాక్షికి అర్థమగునట్లు తిరిగి చెప్పుట ఆయన ఉద్యోగం. ఈ సంగతి మరువరాదు. విన్నదానికి ఒక మాట చేర్చక, ఒక మాట తగ్గించక చెప్పెడి అలవాటు ఆయనకు కచేరీలో అబ్బినది. యాత్రలో ఆయన కలానికి ఆ అలవాటే దిక్సూచి. 1830 మే 18న చెన్నపట్టణం విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరినాడు. ఈ పదిహేను నెలలకు పైబడిన కాలంలో చూచినదెల్ల దినచర్యగా వ్రాసి, కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల అను మిత్రునికి పంపుచుండెను.

ఆయన ఒంటరిగా పోలేదు. కుటుంబపు స్త్రీలు, పరిచారకులు, వంటవారు, పల్లకీ బోయీలు, కావడివారు – అందరును కలిసి దాదాపు నూరుమంది. పల్లకీలు, గుడారాలు, వంటపాత్రలు, దినుసులు వెంట నడిచినవి. ఇదంతా ఆడంబరమని తోచవచ్చును గాని ఆనాటి దారిలో ఇది అవసరం. దక్షిణ దేశంలో ఆమడకొక సత్రముండెను. పుణ్యాత్ములు త్రవ్వించిన బావియు, నాటించిన తోపును ఉండెను. ఉత్తరానికి పోయినకొలది సత్రాలు పలుచబడును. అట్టిచోట గుడారము లేనివాడు వానలో నిలువవలసినదే. నూరుమందికి రెండు పూటల బియ్యమెంత, పప్పెంత, కట్టెలెన్ని, నీరెన్ని కడవలు? గణితం చెప్పు ఉపాధ్యాయులు పిల్లలచేత ఈ లెక్క చేయించినచో యాత్ర అనగా ఏమో వారికి ఒక గంటలో తెలియగలదు. ఆ లెక్క ప్రతిదినము సాయంకాలానికి కుదరవలెను. కుదరనినాడు పస్తుండువాడు వీరాస్వామయ్య ఒక్కడే కాదు. పల్లకీ మోసెడివారు పస్తుండిన మరునాటి మజిలీ సాగదు.

అందుచేతనే ఆయన గ్రంథంలో ప్రతి ఊరికిని ముందుగా వచ్చెడి సమాచారం దేవాలయం కాదు. అంగళ్లున్నవా, నీటి వసతి ఎట్టిది, దిగుటకు స్థలమున్నదా, ముందరి దారి రాతినేలయా బురదనేలయా – ఇవి. స్థలమాహాత్మ్యం పిమ్మట. ఒక భక్తుడు ఇట్లు వ్రాయుట చూచి కొందరు నొచ్చుకొనవచ్చును. అయితే నూరుమంది ప్రాణాలను నెత్తిన పెట్టుకొన్నవానికి బావినీరు ఎంత ముఖ్యమో అనుభవించినవారికే తెలియును.

మన సీమలో ఆయన నడిచిన దారి మన విద్యార్థులు ప్రతిదినం బస్సులలో పోవు దారియే. పుత్తూరు, వడమాలపేటల మీదుగా ఆయన తిరుపతి చేరినాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. తిరుమల దేవస్థానం సాక్షాత్తు ఈస్టిండియా కంపెనీవారి యాజమాన్యంలో ఉండెను. 1801 మొదలు 1843లో హథీరాంజీ మఠంవారికి అప్పగించువరకు ఈ ఏర్పాటే. స్వామికి భక్తులర్పించిన కానుకలలో ఖర్చులు పోగా మిగిలినది కంపెనీ ఖజానాకు చేరెడిది. వీరాస్వామయ్య అక్కడ స్వామికి మ్రొక్కినాడు, ఆ పిమ్మట ఆదాయవ్యయాల తీరును కూడ గమనించినాడు. ఈ రెండు పనులును ఒకే మనుష్యుడు ఒకే దినాన చేయగలిగెను. ఆ కాలపు చదువుకొన్న తెలుగువాని మనస్సులోనికి ఇదొక కిటికీ.

తిరుపతి దాటి కరకంబాడి, బాలపల్లె, కోడూరు, పుల్లంపేట, నందలూరు, ఒంటిమిట్ట, కడప – ఇది ఆయన త్రోవ. కరకంబాడి దాటిన తరువాత శేషాచలపు అడవి దారికి రెండు ప్రక్కల మూసికొని వచ్చును. నేడు ఎర్రచందనం దొంగలకొరకు కావలి కాయుచున్న ఆ అడవియే అది. 1860వ దశకంలో ఈ దారి వెంటనే రైలు పట్టాలు పడినవి. రేణిగుంట నుండి కడపకు పోవు రైలులో కిటికీ ప్రక్కన కూర్చుండి బాలపల్లె అడవిని చూచువానికి, పల్లకీ బోయీల ‘ఓహోం’ అను ఊతపదం అక్కడ మారుమ్రోగినదన్న సంగతి ఏ బల్లమీదను వ్రాసి కనిపించదు.

కడప తరువాత అహోబిలం, ఆపై నల్లమలలో శ్రీశైలం. ఆత్మకూరు వైపునుండి నాగలూటి మీదుగా, పెద్దచెరువు, భీముని కొలను దాటి పోయెడి కాలిబాట అది. ఆ అడవికి నిజమైన యజమానులు చెంచులు. వారి తోడు లేనిదే యాత్రికుడు అడుగు వేయలేడు. రాజ్యమో, కందనూరు నవాబుది. శ్రీశైల యాత్రికులు నవాబుకు సుంకం చెల్లించవలెను. దేవుని చూచుటకు ముందు తురక నవాబుకు పన్ను కట్టుటయాయని కోపించువారు, తరువాత ప్రయాగలోను గయలోను జగన్నాథంలోను క్రైస్తవ కంపెనీ కూడ యాత్రికుల తలకింతయని వసూలు చేసెనని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ పన్ను 1840లో గాని తొలగలేదు. పన్ను వేయుటలో ప్రభువులకెన్నడును మతభేదం లేదు.

కృష్ణ దాటి హైదరాబాదు. అప్పటికి నాసిరుద్దౌలా నిజాము, రాజా చందూలాల్ మంత్రి. వీధులలో ఆయుధం లేని మనుష్యుడు కనబడని ఆ నగరం, దాని ప్రక్కనే కొలత పెట్టినట్లున్న సికింద్రాబాదు దండు – ఈ రెండింటిని చూచిన కోర్టు దుబాసి మనస్సు ఏ వైపు మొగ్గెనో చెప్పనక్కరలేదు. ఆయన కంపెనీ కొలువులోనివాడు. కంపెనీ పాలనయందు ఆయనకు నమ్మకం మెండు. దాని వలన నష్టపోయినవారి గోడు ఆయన చెవికి కొంచెం తక్కువగానే సోకినది. ఈ లోపాన్ని మన్నించవచ్చును గాని దాచరాదు.

అసలైన పరీక్ష హైదరాబాదుకు ఉత్తరాన మొదలైనది. అప్పటికి వానలు పడినవి. నిర్మల కొండల నుండి ఎదిలాబాదు – నేటి ఆదిలాబాదు – మీదుగా వార్ధానది దాకా, అక్కడినుండి నాగపూరు దాకా నల్లరేగడి నేల. రాయలసీమవారికి రేగడి క్రొత్తగాదు. ఎండలో ఇనుమువలె బీటలువారు ఆ మన్ను వానలో వెన్నవలె మారి కాలిని విడువదు. వట్టి చేతులతో నడచువానికే ఒక్కొక్క అడుగు ఒక్కొక్క పని. భుజాన పల్లకీ కొమ్ము, పల్లకీలో ముసలితల్లి. ఒకడు జారిన నలుగురును తూలెదరు. వరదగోదావరి ఒడ్డున పడవ కొరకు నూరుమంది, వారి సామాను, వారి తడిసిన గుడారాలు కాచియుండవలెను. తడిసిన గుడారం పొడి గుడారంకన్న ఎంత బరువో మోసెడి ఎద్దునడిగిన చెప్పును.

ఈ యాత్ర పేరు చెప్పినప్పుడెల్ల వీరాస్వామయ్య పేరే చెప్పుకొందుము. అది న్యాయమే, వ్రాసినవాడు ఆయన. అయితే కాశీకి ఆయన ఎక్కిపోయినది బోయీల భుజాలు. వారి పేర్లు మనలో ఒక్కరికైనను జ్ఞాపకం లేవు. వారికి గంగాస్నానఫలం ఎంత వచ్చెనో పురాణజ్ఞులు చెప్పవలెను. దారి ఎట్లుండెనో తెలిసికొనవలెనన్న మాత్రం ఆయన వాక్యాలలో దారి ‘బాగుగానున్నది’ ‘బాగుగాలేదు’ అను మాటల వెనుక ఎవరి కాళ్లున్నవో ఊహించుకొని చదువవలెను. పల్లకీలో కూర్చున్నవానికి దారి బాగోగులు తెలియునది మోయువాని ఊపిరి వలననే.

భోంసలేల నాగపూరు దాటి, రామటేకు మీదుగా సివనీ. ఇక్కడినుండి సాత్పురా అడవులు. టేకు, వెదురు, గోండుల పల్లెలు, పెద్దపులులు. ఇంగ్లీషు చదువు విద్యార్థులకు ఈ అడవి మరియొక పేరుతో పరిచితం. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ప్రచురించిన ‘జంగిల్ బుక్’ కథలకు రంగస్థలం ఈ సివనీ కొండలే. మోగ్లీ పుట్టుటకు 64 ఏండ్ల ముందే ఒక తెలుగు బిడారు ఆ కొండలలో నుండి వానలో సాగిపోయినది. మన పిల్లలకు మోగ్లీ తెలియును. ఈ బిడారు తెలియదు. తప్పు పిల్లలది కాదు.

అదే అడవిలో నుండి నేడు 44వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. పెంచ్ పులుల అరణ్యం ప్రక్కన దారిని తొమ్మిది చోట్ల నేలనుండి పైకెత్తి కట్టినారు. వాటిలో నాలుగు చిన్న వంతెనలు, ఐదు ప్రత్యేకంగా మృగాల కొరకు విడిచిన త్రోవలు. అన్నిటికంటె పొడవైనది 750 మీటర్లు. పైన లారీలు పోవుచుండగా క్రింద పులులు, జింకలు నిర్భయంగా దాటుచున్నవి. వీరాస్వామయ్య కాలంలో పులిదారియు మనుష్యుల దారియు ఒక్కటే.

పులికన్న భయంకరమైనవారు కూడ ఆ దారిలో ఉండిరి. బాటసారులతో స్నేహంగా మాటలు కలిపి, కొన్ని మజిలీలు తోడు నడిచి, అదను చూచి మెడకు గుడ్డ బిగించి చంపెడి థగ్గులు సంచరించిన ప్రదేశాలివి. సరిగా ఆ యేండ్లలోనే జబ్బల్పూరు కేంద్రంగా స్లీమన్ అను కంపెనీ అధికారి వారిని పట్టి నిర్మూలించుటకు పూనుకొన్నాడు. పదిమంది పోయిన కాశీయాత్ర ఆచూకీ లేకుండ పోవుట సాధ్యమే. నూరుమంది పోయిన యాత్ర అట్లు మాయమగుట కష్టం. ఆ పరివారం డాబు కొరకు కాదనుటకు ఇది మరియొక సాక్ష్యం.

ఇదే బాటలో వేల యెద్దులమీద ప్రత్తి, ఉప్పు, ధాన్యం తోలుకొని బంజారాలు తిరిగెడివారు. నాగపూరు సీమ ప్రత్తి మీర్జాపురం గంగారేవుకు చేరుట వారి యెద్దుల మీదనే. మన జిల్లాలలోని సుగాలీ తండాల పూర్వికులు ఈ జాతివారే. ఆలుబిడ్డలతో, కుక్కలతో, పొయ్యిరాళ్లతో తరతరాలు దారినే ఇల్లుగా చేసికొన్నవారు వారు. వీరాస్వామయ్య పదిహేను నెలలు చేసిన పనిని వారు పుట్టుక మొదలు చావు వరకు చేసినారు; వారు పుస్తకం వ్రాయలేదు, అంతే భేదం.

నర్మద దాటి జబ్బల్పూరు, మైహరు, రీవా, మీర్జాపురం, ప్రయాగ, కాశి. కాశీఘట్టాల వర్ణనకు మనకు గ్రంథాల కొరత లేదు గనుక దానిని ఇక్కడ విస్తరింప పనిలేదు. గయాశ్రాద్ధం ముగించి గంగమీద పడవలలో కలకత్తా చేరి, అక్కడినుండి జగన్నాథం, గంజాం, విశాఖపట్టణం, నెల్లూరు మీదుగా సముద్రతీరపు దారిన ఆయన తిరిగివచ్చినాడు.

ఈ గ్రంథభాషను గూర్చి తెలుగు పండితులలో చాలకాలం చిన్నచూపు ఉండెను. ముసాఫరులు, బస్తీ, సర్కారు, కుంఫిణీ, డేరా వంటి మాటలు పుటపుటకును తగులును. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడకముందే 1838లో అచ్చయిన పుస్తకమిది. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికవాదం పుట్టుటకు ఇంకను ఏడు దశాబ్దాలున్నవి. వీరాస్వామయ్యకు వ్యాకరణంతో వైరమూ లేదు, వాదమూ లేదు. గుడారం ఎత్తించు వేళ మాట్లాడిన మాటలనే గుడారంలో కూర్చుండి వ్రాసినాడు. బురదదారిని గురించి గ్రాంథికంలో వ్రాసిన అది ‘పంకిలపథం’ అగును. చదువువాని కాలికి బురద అంటదు.

విద్యార్థులకు కాశీమజిలీ కథలు తెలిసినవే. మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలుగా కూర్చిన ఆ కథలలో మణిసిద్ధుడను యతి, గోపుని వెంటబెట్టుకొని కాశికి పోవుచు మజిలీకొక వింతకథ చెప్పును. గోపునికి కాళ్లనొప్పి కథలో మరుపునకు వచ్చును. వీరాస్వామయ్య మజిలీలలో రాజకుమార్తెలు లేరు, గంధర్వులు లేరు. అక్కడ బియ్యం దొరకును, ఇక్కడ దొరకదు. ఈ యేరు వానకాలంలో పొంగును. ఈ ఊరిలో దిగుటకు వసతి కలదు. రెండు గ్రంథాలను ప్రక్కప్రక్కన పెట్టి చదివించు ఉపాధ్యాయుడు అదృష్టవంతుడు. మొదటిది కదలకుండ కూర్చోబెట్టును. రెండవది చదివినవాడు దేశపటం తెచ్చి గోడకు తగిలించి, పుత్తూరు మీద ఒక గుండుసూది, బాలపల్లె మీద ఒకటి, నాగలూటి మీద ఒకటి, సివనీ మీద ఒకటి గ్రుచ్చి దారము కట్టకమానడు.

1836లో వీరాస్వామయ్య కాలధర్మం చెందినాడు. తన పుస్తకాన్ని అచ్చులో ఆయన చూడలేదు. రెండేండ్లకు శ్రీనివాసపిళ్ల దానిని ప్రకటించినాడు. 1869లో మరల అచ్చయినది. తరువాత దిగవల్లి వేంకటశివరావుగారు పీఠికయు వివరణలును కూర్చి 1941లో మూడవ ముద్రణ తెచ్చినారు. అప్పటికి కాశికి పోవువారు రైలు చీటీ కొనుచుండిరి. ఏ బావినీరు మంచిదో తెలిసికొని పోవలసిన అవసరం ఎవరికిని లేకపోయెను. వ్రాసిన నాటికి అది ముందుపోయినవాడు వెనుకవచ్చువాని కొరకు దారిలో పెట్టిన గుర్తు. ఎంతమంది యాత్రికులు ఆ గుర్తును పట్టుకొని నడిచినారో లెక్క కట్టినవారు లేరు.

1831 సెప్టెంబరు 3న, పోయిన సంవత్సరం వైశాఖంలో విడిచిన చెన్నపట్టణంలో పల్లకీలు దిగినవి. గుడారాలు మడిచి లోపల పెట్టినారు. మరునాడు తెల్లవారుజామున బోయీలకు మజిలీ లేదు.